రాష్ట్రపతి రబ్బరు స్టాంపా? మరి నా లోకల్, నాన్‌లోకల్ తేల్చేది ఎవరి సంతకం?

బాలసముద్రం రీడింగ్ హాల్
శనివారం, రాత్రి 9:42

ముందే చెప్తున్నా, ఇది పార్టీల గొడవ కాదు. గ్రూప్-2కి చదువుతున్నా. పాలిటీలో రాష్ట్రపతి చాప్టర్ ఇది మూడోసారి తిరగేయడం. ప్రతిసారీ ఒక్కచోటే బండి ఆగిపోతోంది.

మొన్న బోనఫైడ్ కోసం ఊరికి పోయాను. నేను ఒకటి నుంచి ఐదు దాకా చదివిన ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడింది. రికార్డులు మండలంలో ఉన్నాయన్నారు. అక్కడ బీరువా అడుగు నుంచి అడ్మిషన్ రిజిస్టరు తీశారు. అట్టకు చెదలు, లోపల నీలం బాల్‌పెన్ను రాత. నా పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం 'కె' ఉండాల్సిన చోట 'జి' ఉంది. ఆ ఒక్క అక్షరానికి మూడు రోజులు తిరిగాను. దిద్దమంటే అక్కడి పెద్దాయన కళ్ళద్దాలు తీసి, "ఇది ప్రెసిడెన్షియల్ ఆర్డర్ వ్యవహారం బాబూ, ఊరికే గీత గీయొద్దు" అన్నాడు.

నా ఇంటిపేరుకూ ఢిల్లీలో రాష్ట్రపతికీ లంకె ఏమిటి? పుస్తకం చూస్తే నామమాత్రపు అధినేత, మంత్రివర్గం చెప్పినట్టు సంతకం పెట్టాలి అని ఉంది. ఇక్కడ చూస్తే నేను ఏ జిల్లావాడినో తేల్చేది రాష్ట్రపతి ఉత్తర్వులు. అసెంబ్లీ పాస్ చేసిన బీసీ రిజర్వేషన్ల బిల్లు రాష్ట్రపతి దగ్గరకు పోయి ఆగింది. అధికారం లేనివాళ్ళ దగ్గర పనులెట్లా ఆగుతాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.


పరకాల పంతులు
శనివారం, రాత్రి 10:15

తమ్మీ, ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. నువ్వడిగిన ప్రశ్న మొట్టమొదటి రాష్ట్రపతికే వచ్చింది.

1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు 74వ అధికరణంలో ఉన్నది ఇంతే: రాష్ట్రపతికి సలహా, సహాయం ఇవ్వడానికి ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉంటుంది. ఆ సలహా పాటించి తీరాలని ఎక్కడా రాయలేదు. బ్రిటన్ రాజులాగే నడుచుకుంటారులే అనుకున్నారు. రాజేంద్రప్రసాద్ గారు అట్లా అనుకోలేదు. 1951లో హిందూ కోడ్ బిల్లు వచ్చినప్పుడు తన విచక్షణ ప్రకారం నడుస్తానని నెహ్రూకు ఉత్తరం రాశారు. నెహ్రూ న్యాయనిపుణులను అడిగితే, కుదరదు అన్నారు. పెద్దాయన ఊరుకోలేదు. 1960లో ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ శంకుస్థాపనకు పోయి, మన రాష్ట్రపతి అధికారాలు బ్రిటన్ రాజుతో ఎంతవరకు సమానమో పరిశీలించండి అని లాయర్ల ముందే అడిగారు. పదేళ్ళు కుర్చీలో కూర్చున్నాక కూడా ఆ కుర్చీకి ఉన్న బలం ఎంతో ఆయనకే సందేహం!

మన గుళ్ళో రెండు విగ్రహాలుంటాయి చూడు. మూలవిరాట్టు కదలదు. పల్లకీలో ఊరేగేది ఉత్సవ విగ్రహం. హారతి, కొబ్బరికాయ అన్నీ దానికే. పాఠంలో నేను ఇదే చెప్పేవాణ్ణి, పిల్లలకు చటుక్కున అర్థమయ్యేది. ఆ పోలికలో ఒక తిరకాసు ఉంది. రేపు చెప్తా, కళ్ళు మూతలు పడుతున్నాయి.


గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
శనివారం, రాత్రి 11:58

ఇప్పుడే డ్యూటీ దిగి చూస్తున్న. పంతులు సారు అసలు ముచ్చట చెప్పకుండనే పండుకున్నడు. మాకు ఇంటర్‌ల సార్లు చెప్పింది ఒక్కటే మాట, గంగిరెద్దు. తల ఊపుడే. దాని మీద మళ్ళ ఇంత చర్చ ఎందుకే తమ్మీ?


అదాలత్ సెంటర్
ఆదివారం, ఉదయం 7:20

గంగిరెద్దు అనేస్తే పరీక్షలో రెండు మార్కులు వస్తాయేమో కానీ అబ్బాయి అడిగినదానికి జవాబు రాదు. ముందు బోనఫైడ్ సంగతి చూద్దాం.

రాజ్యాంగంలో 'రాష్ట్రపతి' అని కనబడిన చోటల్లా దాదాపుగా 'కేంద్ర మంత్రివర్గం' అని చదువుకోవాలి. సుప్రీంకోర్టు 1955లో రామ్‌జవాయా కపూర్ కేసులో చెప్పింది, 1974లో శంషేర్ సింగ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. 1976లో 42వ సవరణ 'సలహా ప్రకారమే నడుచుకోవాలి' అని నేరుగా రాసేసింది. 1978లో 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది: సలహాను ఒక్కసారి తిప్పి పంపొచ్చు, మళ్ళీ అదే వస్తే ఒప్పుకోవాలి. రాత మీద రాష్ట్రపతికి వచ్చిన హక్కు ఆ ఒక్క 'మళ్ళీ ఆలోచించండి' అన్న మాటే.

ఇక 371-డి, అంటే లోకల్ కోటాకు ఆధారమైన అధికరణం. ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధన) గొడవల తర్వాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, ఆ ఏడాదే 32వ సవరణ, దాని కింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులు. ఎవరు లోకల్, ఎన్ని పోస్టులు లోకల్‌వాళ్ళకు అన్నది అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వ జీవోతో ఈ పని చేయొచ్చు కదా, రాష్ట్రపతి పేరు ఎందుకు? ఎందుకంటే అప్పటికి రెండు ప్రాంతాలవాళ్ళకూ జీవోల మీద నమ్మకం పోయింది. రాత్రికి రాత్రి మార్చలేని కాగితం కావాలి. రాష్ట్రపతి పేరున వచ్చిన ఉత్తర్వును హైదరాబాదులో కూర్చుని మార్చలేరు. అంటే మనిషికి అధికారం లేకపోయినా పేరుకు ఉంది. నీ రిజిస్టరు దగ్గర పెద్దాయన భయపడింది ఆ పేరుకే.

అయితే మార్చలేరు అంటే ఉల్లంఘించలేరని కాదు. పదేళ్ళు తిరిగేసరికి ఉల్లంఘనలు సరిచేయడానికి 1985 డిసెంబరు 30న 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత ఆ జీవో అమలు కోసం ఇంకో ఇరవై ఏళ్ళ పోరాటం. వరంగల్‌లో నలభై దాటిన ఎవరిని లేపి అడిగినా 610 అంటే ఏమిటో చెప్తారు.


లక్నేపల్లి వాణ్ణి
ఆదివారం, ఉదయం 8:05

లాయరు గారు ఒక మెట్టు దాటేశారు. ఆ ఆరు సూత్రాలు వచ్చినప్పుడు రాష్ట్రంలో ముఖ్యమంత్రే లేడు! 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. అటువైపు జై ఆంధ్ర ఉద్యమం. మా ఊరి బిడ్డ పీవీ గద్దె దిగాల్సి వచ్చింది. 1973 జనవరి 18 నుంచి డిసెంబరు 10 దాకా రాష్ట్రపతి పాలన. ఆ పేరు విని మా నాయన, ఢిల్లీ నుంచి అప్పటి రాష్ట్రపతి గిరి గారే స్వయంగా ఫైళ్ళు చూస్తున్నాడని నమ్మాడట.

ఆంధ్ర రాష్ట్రానికి 1954లో ఒకసారి వచ్చింది కానీ అప్పుడు మనం హైదరాబాద్ స్టేట్‌లో ఉన్నాం. మనకు రెండోసారి 2014 మార్చిలో.


పరకాల పంతులు
ఆదివారం, ఉదయం 9:30

గిరి గారి పేరు వచ్చింది కాబట్టి నిన్న ఆపిన చోట మొదలుపెడతా.

1969 మేలో జాకీర్ హుస్సేన్ పోయారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెస్ పెద్దలు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా పెట్టారు. ఇందిరాగాంధీకి ఇష్టం లేదు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద గిరి సంతకం పెట్టారు. మర్నాడు రాజీనామా ఇచ్చి తానే పోటీకి దిగారు. చూడు ఆ ముహూర్తం! ఇందిర పిలుపిచ్చిన 'అంతరాత్మ ప్రబోధం' (మనసు చెప్పినట్టు ఓటేయడం) అన్న మాట తెలుగు పేపర్లలో అప్పుడే పుట్టిందేమో అన్నంతగా మోగిపోయింది. అభ్యర్థులిద్దరికీ తెలుగు ఇంటిభాష, నిలబడింది ఢిల్లీ గద్దెకు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్యం దాకా లెక్కపెట్టిన రాష్ట్రపతి ఎన్నిక నేటికీ అదొక్కటే. గెలిచాక దాని మీద కేసు పడితే గిరి గారు సుప్రీంకోర్టుకు పోయి సాక్ష్యం కూడా ఇచ్చారు.

అక్కడ కుర్చీ స్వభావం మారింది. ప్రధాని నిలబెట్టిన మనిషి రాష్ట్రపతి అయితే ప్రధానికి ఎదురు చెప్తాడా? 1974లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చారు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టారు. కేబినెట్ సమావేశమైంది మర్నాడు పొద్దున. మంత్రిమండలి సలహా అన్నది సంతకం తర్వాత వచ్చిందన్నమాట.


నక్కలగుట్ట నైన్టీస్
ఆదివారం, ఉదయం 10:12

అందుకే కలాం గారు గ్రేట్. ఎంపీలు కొన్ని లాభదాయక పదవుల్లో కూడా ఉండొచ్చనే ఆఫీస్ ఆఫ్ ప్రాఫిట్ బిల్లును ఆపేశాడు. వెన్నెముక ఉన్న రాష్ట్రపతి.


అదాలత్ సెంటర్
ఆదివారం, ఉదయం 10:20

ఆపలేదు. 2006లో తిప్పి పంపారు. పార్లమెంటు అదే బిల్లు మళ్ళీ పంపితే సంతకం పెట్టారు, పెట్టక తప్పదు. 111వ అధికరణం అంతే.

పైగా అదే కలాం గారు 2005 మేలో మాస్కోలో ఉండగా బీహార్ అసెంబ్లీ రద్దు కాగితం అర్ధరాత్రి పోతే అక్కడి నుంచే సంతకం పెట్టారు. తర్వాత సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదంది. మనిషి మంచివాడా కాదా అన్నది వేరే సంగతి. విదేశంలో అర్ధరాత్రి కాగితం ముందు పెడితే ఎంతటివాడికైనా ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

పంతులు గారి ఎమర్జెన్సీ మాటకు ఒక తోక: 44వ సవరణ ఆ రంధ్రాన్ని పూడ్చింది. ఇప్పుడు కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదు.


నక్కలగుట్ట నైన్టీస్
ఆదివారం, ఉదయం 10:31

సరే, తిప్పి పంపాడు. నేను వాట్సాప్‌లో చదివింది అది. అయినా ఆయన గ్రేటే.


గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
ఆదివారం, ఉదయం 11:05

అయితే నాకొకటి సమజైంది. మా బావిల షిఫ్ట్ మొదలుకాకముందు మైనింగ్ సర్దార్ పోయి గాలి, గ్యాస్, పైకప్పు చూస్తడు. ఆయన సరే అంటేనే మనిషి లోపటికి పోవాలె. ఆయన బొగ్గు తియ్యడు, బావిని నడపడు. మేనేజర్ మీద ఆయన మాట చెల్లదు. కానీ 'జర ఆగుర్రి' అంటే అందరం ఆగాలె. రాష్ట్రపతి గట్లనేనా?


అదాలత్ సెంటర్
ఆదివారం, ఉదయం 11:18

అన్నా, నేను అరగంటలో రాసేది మీరు ఆరు లైన్లలో చెప్పారు. ఒక్క తేడా. సర్దార్ ఎందుకు ఆపాడో రాసివ్వాలి, పైవాళ్ళు వచ్చి చూస్తారు. రాష్ట్రపతి ఎందుకు ఆపారో రాయనక్కర్లేదు. ఎన్నాళ్ళు ఆపుతారో కూడా చెప్పనక్కర్లేదు.

1986లో తపాలా సవరణ బిల్లు చూడండి. ఉత్తరాలు తెరిచి చూసే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే బిల్లు. రెండు సభలూ పాస్ చేశాయి. జైల్‌సింగ్ గారు సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు, వద్దని కూడా అనలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. పదవీకాలం అయిపోయింది, ఇంటికి పోయారు. ఆ బిల్లు చట్టం కాలేదు. తిప్పి పంపి ఉంటే పార్లమెంటు మళ్ళీ పంపేది, సంతకం తప్పేది కాదు. ఏమీ చేయకపోవడం వల్లనే ఆయన హయాంలో అది ఆగింది.

నా లెక్కలో ఈ డెబ్బై అయిదేళ్ళ కథంతా ఇక్కడే ఉంది. సొంతంగా కాదనే అధికారం రాష్ట్రపతికి ఎన్నడూ దక్కలేదు. ఆలస్యం చేసే అధికారాన్ని మాత్రం ఎవరూ పూర్తిగా తీయలేదు.


జగిత్యాల టీచరమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 2:40

వంటా గింటా అయ్యాక ఇప్పుడు కూర్చున్నాను. మీరంతా ఢిల్లీ గురించి మాట్లాడుతున్నారు, నేను కింద సంగతి చెప్తా.

2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. పాతవాటిలో మనది అయిదో జోన్: ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం. కొత్తవాటిలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం లోకల్. ఇంతకుముందు లోకల్ లెక్క నాలుగు నుంచి పదో తరగతి. ఇప్పుడు ఒకటి నుంచి ఏడు. అందుకే బాలసముద్రం తమ్ముడు మూతబడ్డ బడి వెతుక్కుంటూ పోయాడు. పదో తరగతి బడైతే ఎవరికైనా దొరుకుతుంది. ఒకటో తరగతి బడి ఎంతమందికి మిగిలింది?

ఇంకొకటి గమనించారా? పాత వరంగల్ జిల్లా మూడు ముక్కలు మూడు జోన్లలో పడింది. హన్మకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్. ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్. జనగామ యాదాద్రి జోన్, అది మల్టీజోన్ కూడా వేరే. మా చెల్లెలు జనగామ, మరిది ములుగు. ఇద్దరూ ఉద్యోగులే. కొత్త ఉత్తర్వుల ప్రకారం అందరినీ సర్దినప్పుడు ఆ ఇంట్లో నడిచిన టెన్షన్ నాకు తెలుసు. పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలి, ఏ ఊళ్ళో బళ్ళో వేయాలి అని ఆరు నెలలు అదే మాట. వాడిప్పుడు రెండో తరగతి. వాడి లోకల్ లెక్క అప్పుడే మొదలైపోయింది!

నామమాత్రం అంటారు గానీ, ప్రధాని సంతకం కంటే ఆ నామమాత్రపు సంతకమే మా ఇంట్లో ఎక్కువసార్లు వినబడింది.


బాలసముద్రం రీడింగ్ హాల్
ఆదివారం, సాయంత్రం 4:10

అక్కా, మీ పోస్టు ఇక్కడ పక్క కుర్చీల ఇద్దరికి చదివి వినిపించాను. ఒకడిది జనగామ. వాడు నవ్వలేదు.

లాయరు గారూ, బీసీ బిల్లు సంగతి కూడా చెప్పండి. దాన్ని ఆపుతున్నది రాష్ట్రపతా, కేంద్రమా?


అదాలత్ సెంటర్
ఆదివారం, సాయంత్రం 5:25

2025 మార్చిలో మన అసెంబ్లీ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు పాస్ చేసింది. గవర్నరు వాటిని రాష్ట్రపతికి పంపారు. ఇక్కడి నుంచి 201వ అధికరణం. దాన్ని మెల్లగా చదువు. రాష్ట్రపతి ఆమోదించొచ్చు, నిరాకరించొచ్చు, తిప్పి పంపమనొచ్చు. తిప్పి పంపితే అసెంబ్లీ ఆరు నెలల్లోగా మళ్ళీ చూడాలి. మరి రాష్ట్రపతి ఎన్నాళ్ళలో తేల్చాలి? ఆ వాక్యం అక్కడ లేదు.

ఇంకో సంగతి. పార్లమెంటు బిల్లునైతే రెండోసారి వస్తే ఒప్పుకోవాలి. అసెంబ్లీ బిల్లు రెండోసారి వెళ్ళినా ఒప్పుకోవాలని లేదు. ఎవరు ఆపుతున్నారంటావా, ఆ సలహా ఇచ్చేది కేంద్ర మంత్రివర్గమే. పేరు రాష్ట్రపతిది.

మూడో అధికరణం కూడా అంతే. రాష్ట్రాన్ని విడగొట్టాలంటే బిల్లును ఆ రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం కోసం రాష్ట్రపతి పంపాలి. అసెంబ్లీ తేల్చకుండా నానబెడితే? 1955లో అయిదో సవరణ తెచ్చి, అసెంబ్లీకి గడువు పెట్టే అధికారం రాష్ట్రపతికి ఇచ్చారు. ఆ సవరణే లేకపోతే మన తెలంగాణ ఏమయ్యేదో! 2013 డిసెంబరులో ప్రణబ్ ముఖర్జీ బిల్లు పంపి జనవరి 23 దాకా గడువిచ్చారు. ఇంకా టైం కావాలంటే ఒక్క వారం పెంచారు. జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో కాదంది. అయినా గడువు ముగిసింది, అభిప్రాయం వచ్చేసింది, బిల్లు పార్లమెంటుకు పోయింది. మార్చి 1న సంతకం.


లక్నేపల్లి వాణ్ణి
ఆదివారం, సాయంత్రం 5:50

ఆ వారం రోజులు నాకు ఇంకా గుర్తు. 'ఇంకో నెల ఇస్తారట' అని ఒకడు, 'వారమేనట' అని ఒకడు. హన్మకొండ చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర టీవీ పెట్టి ఉంది, తాగిన చాయ్ కన్నా చల్లారిన చాయ్ ఎక్కువ.


గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
ఆదివారం, సాయంత్రం 6:02

అంటే అసెంబ్లీకి గడియారం రాష్ట్రపతి పెడ్తడు. రాష్ట్రపతికి గడియారం పెట్టెటోడు లేడు. మస్తుగున్నది.


అదాలత్ సెంటర్
ఆదివారం, సాయంత్రం 6:30

పెట్టడానికి చూశారన్నా. బిల్లులు ఆపిన తమిళనాడు గవర్నరు కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం రాష్ట్రపతికి మూడు నెలల గడువంది. మేలో రాష్ట్రపతి ముర్ము 143వ అధికరణం కింద పద్నాలుగు ప్రశ్నలు కోర్టుకు పంపారు. నవంబరు 20న అయిదుగురు జడ్జీలు జవాబిచ్చారు: రాజ్యాంగంలో లేని గడువు కోర్టు పెట్టలేదు, గడువు దాటితే ఆమోదించినట్టే అనుకోవడం కూడా కుదరదు. గవర్నరు కారణం లేకుండా అంతులేకుండా పట్టుకు కూర్చుంటే, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని మాత్రం పరిమితంగా చెప్పొచ్చన్నారు.

నాకు ఆ జవాబు నచ్చలేదు. చట్టం ప్రకారం తప్పని కూడా అనలేను. రాజ్యాంగంలో రాయని అంకెను కోర్టు రాయకూడదు, నిజమే. ఉరిశిక్ష పడ్డవాళ్ళ క్షమాభిక్ష విషయంలో 2014 జనవరిలో అదే కోర్టు ఏం చేసింది? ప్రధానంగా పిటిషన్లు ఏళ్ళ తరబడి తేల్చనందుకు పదిహేను మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. అక్కడా గడువు అంకె లేదు. ఆలస్యం మనిషిని బాధిస్తే కోర్టు చూసింది. ఆలస్యం అసెంబ్లీని బాధిస్తే చూడలేనంది. ఈలోగా మన బీసీ బిల్లు తేలకుండానే పంచాయతీ ఎన్నికలు కూడా అయిపోయాయి.


మోడరేటర్
ఆదివారం, సాయంత్రం 6:41

పార్టీల పేర్లతో తిట్టుకున్న మూడు పోస్టులు తీసేశాను. మిగతాది బాగుంది, కొనసాగించండి.


నిర్మల్ కొయ్యబొమ్మ
ఆదివారం, రాత్రి 8:15

నాకొక డౌటు. ఇంత తికమక ఎందుకు? రాష్ట్రపతినే నేరుగా ఎన్నుకుని అధికారం మొత్తం ఇచ్చేస్తే? పక్కనే శ్రీలంక ఉంది కదా. నేను అక్కడ రెండేళ్ళు పని చేశాను, కొలంబోలో ఎవరిని అడిగినా ప్రెసిడెంటే అన్నీ.


పరకాల పంతులు
ఆదివారం, రాత్రి 9:05

అక్కడ జరిగింది చూస్తే ఆ కోరిక పోతుంది నాయనా. 1972 రాజ్యాంగంలో వాళ్ళకూ మనలాంటి ఉత్సవ విగ్రహమే ఉండేది. 1978లో జయవర్ధనే దాన్ని మూలవిరాట్టు చేశాడు. తర్వాత ఆ గుడి తలుపులు మూయడం, తెరవడమే పని. 2001లో 17వ సవరణ కొంత కోత పెట్టింది. 2010లో 18వ సవరణ ఆ కోత తీసేసి, రెండుసార్లకు మించి పోటీ చేయకూడదన్న నియమాన్ని కూడా ఎత్తేసింది. 2015లో 19వది మళ్ళీ కోసింది. 2020లో 20వది మళ్ళీ కలిపింది. 2022లో జనం అధ్యక్షుడి ఇంట్లోకి దూరాక, 21వది మళ్ళీ కోసింది. ఎవరు గద్దె మీద ఉంటే వాళ్ళ కొలతకు కుట్టించుకున్న చొక్కా అది.

మన చొక్కా వదులే, నిజం. నిన్న తిరకాసు ఉందన్నాను చూడు, అది ఇదే. ఉత్సవ విగ్రహానికి బలం లేదు, కానీ మూలవిరాట్టు ఎవరో తెలియని రోజున ఊరంతా దాని వైపే చూస్తుంది. 1979 జులైలో మొరార్జీ రాజీనామా ఇచ్చాడు. మెజారిటీ ఎవరిదో తెలియదు. సలహా ఇచ్చే మంత్రివర్గమే లేనప్పుడు ఎవరి సలహా పాటించాలి? 1969లో ఓడిపోయిన సంజీవరెడ్డి గారే అప్పటికి రాష్ట్రపతి. చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఆయన లోక్‌సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న దిగిపోయాడు. జగ్జీవన్‌రామ్ నాకు అవకాశమివ్వండి అంటున్నా, రెడ్డి గారు 22న సభను రద్దు చేశారు. ఆ నెల రోజులు దేశంలో అందరికన్నా బలవంతుడు మన అనంతపురం మనిషి. చేసింది సరైందా? నా మటుకు నాకు కాదు. మా స్టాఫ్‌రూంలో దీని మీద ఇద్దరు సార్లు వారం రోజులు మాట్లాడుకోలేదు.


లక్నేపల్లి వాణ్ణి
ఆదివారం, రాత్రి 9:30

ఆ సభ రద్దయినప్పుడు హన్మకొండ ఎంపీ పీవీయే. పన్నెండేళ్ళ తర్వాత 1991లో మెజారిటీ లేకుండానే వెంకట్రామన్ గారు ఆయన్ని పిలిచారు. పెద్ద పార్టీ నాయకుణ్ణి ముందు పిలవాలన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి లేకపోతే ఏమయ్యేదో. 1996లో శంకర్‌దయాళ్ శర్మ గారు అదే లెక్కన వాజపేయిని పిలిస్తే పదమూడు రోజులకే పోయింది. 1998లో నారాయణన్ గారు మద్దతు ఉత్తరాలు తెచ్చి చూపించండి అన్నారు. ఎక్కడా రాయని రూలు, మనిషి మనిషికీ మారింది.

(1984లో అదే హన్మకొండలో పీవీ ఓడిపోయాడన్న సంగతి ఎవరూ గుర్తు చేయొద్దు.)


అదాలత్ సెంటర్
ఆదివారం, రాత్రి 9:48

గుర్తు చేయను. నారాయణన్ గారి పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ కేబినెట్ కాగితం పంపితే తిప్పి పంపారు, వాళ్ళు వెనక్కి తగ్గారు. 1998లో బీహార్ కాగితం కూడా తిప్పి పంపారు. నెలల తర్వాత 1999లో మళ్ళీ వస్తే సంతకం పెట్టారు. 44వ సవరణ ఇచ్చిన ఆ చిన్న కిటికీని నిజంగా వాడిన మనిషి ఆయన. 1994లో, రాష్ట్రపతి పాలన సబబో కాదో కోర్టు చూడొచ్చన్న బొమ్మై తీర్పు వచ్చి ఉండకపోతే ఆ ధైర్యానికి ఆసరా ఉండేది కాదని నా అనుమానం. అంతకుముందు 356 (రాష్ట్రపతి పాలన అధికరణం) అంటే గవర్నరు రిపోర్టు, సాయంత్రానికి సంతకం, రాత్రికి అసెంబ్లీ గోవిందా.


జగిత్యాల టీచరమ్మ
ఆదివారం, రాత్రి 10:10

ఇంత విన్నాక నాకు అర్థమైంది ఒకటే. బలమైన ప్రధాని ఉన్నప్పుడు రాష్ట్రపతి కనబడరు, బలహీనుడైతే కనబడతారు. మా బళ్ళో హెచ్‌ఎం సెలవు పెట్టిన రోజు ఇన్‌చార్జి మేడం నడక చూడాలి మీరు.


గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
సోమవారం, రాత్రి 12:20

ఇన్‌చార్జి మేడం మీరే కదా అక్కా?


జగిత్యాల టీచరమ్మ
సోమవారం, ఉదయం 6:15

అవును.


బాలసముద్రం రీడింగ్ హాల్
మంగళవారం, రాత్రి 8:50

అందరికీ దండాలు. పొద్దున మాక్ టెస్టులో, రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును అసెంబ్లీ ఎన్నాళ్ళలో మళ్ళీ చూడాలి అని వచ్చింది. ఆరు నెలలు. ఈ థ్రెడ్ లేకపోతే ఆరు వారాలు అని పెట్టేవాణ్ణి, ఆర్డినెన్సుతో కలిపేసి. తర్వాతి ప్రశ్న రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ. అది పోయింది.

బోనఫైడ్ ఇంకా రాలేదు. అక్షరం దిద్దారట. సంతకం పెట్టే సారు ట్రైనింగ్‌కు పోయారు, ఎప్పుడొస్తారో చెప్పలేమన్నారు.


పరకాల పంతులు
మంగళవారం, రాత్రి 9:20

132. మన 119 మందివి కలిపితే 15,708. జనాభా లెక్క 1971దే ఇంకా వాడుతున్నారు, అదెందుకో వేరే థ్రెడ్ పెట్టు, చెప్తా. ఇందులో కలిపితే మోడరేటర్ ఊరుకోడు.